పూస తీసిన ఉదయం

కాకినాడలో అందరి చెవుల్లోనూ అనువాదపు పూసలే. ఎవరు ఏ భాషలో మాట్లాడినా, ఒకే తియ్యని గొంతులో తెలుగు వినిపిస్తుంది. నూకరత్నం తన కెన్యా కోడలు వంజీరుతో ఆరేళ్లుగా అలాగే మాట్లాడుతోంది.

“పూస ఉండగా ఈ వయసులో ఇంగ్లీషు దేనికమ్మా?” అన్నారు, ఇంగ్లీషు నేర్పమని ఆమె అడిగితే, జోబు మాస్టారు.

“మా కోడలికి వచ్చిన బాసండి. ఒక్క మాటైనా నా నోటితో అడిగి, దాని గొంతుతోనే జవాబు వినాలండి.”

మూడు నెలలు నేర్చుకుంది. ఒక ఉదయం వంటింట్లో పూస తీసేసి, కోడలినీ తీయమని సైగ చేసింది.

“యూ... స్లీప్ వెల్?” అంది తడబడుతూ.

వంజీరు చేతిలో గరిటె ఆగిపోయింది. “ఎస్. వెరీ వెల్,” అంది మెల్లగా.

ఆ గొంతు కాస్త బొంగురుగా, వెచ్చగా ఉంది. నూకరత్నానికి ఒళ్లు పులకరించింది. జవాబు అర్థమైనా, మళ్లీ వినాలనిపించి “అగైన్” అంది.