ఇస్తే పుచ్చుకోని ఫిదెలీనా

"అమ్మా, ఒకసారి చెయ్యి చాపండి" అంటూ ఓ చిన్న పెట్టె ముందుకు పెట్టాడు టోపీ ముసలాయన.

ఫిదెలీనా చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

ఆమె రొట్టెల కొట్టులో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

డిసెంబరు వస్తే సలమీనా ఊరంతా పందేలే. ఆమెకూ మరిది అర్హెమీరోకూ ఏటా ఒకటే పందెం: ఇవ్వాలి, పుచ్చుకోకూడదు. అవతలివాళ్లు గానీ, వాళ్లు పంపిన మనిషి గానీ ఇచ్చింది చేత్తో అందుకుంటే ఓడినట్టే. గెలిచినవాళ్లు అడిగిన క్రిస్మస్ కానుక ఇచ్చుకోవాలి.

ఆరేళ్లుగా ఫిదెలీనా ఓటమే. పోయినేడు పోస్టుమాన్ చేత ఉత్తరం ఇప్పించి మరీ ఓడించాడు మరిది. వెండి జీనుతో గుర్రం కావాలన్నాడు. చెక్కగుర్రం చేతిలో పెట్టి గండం గట్టెక్కింది.

ఈసారి ఆటలు కావు. ఆమె ఓవెన్ చావుబతుకుల్లో ఉంది. సగం రొట్టెలు మాడుతున్నాయి, సగం పచ్చిగా దిగుతున్నాయి. అది మొరాయిస్తే కొట్టు మూసుకోవడమే. అందుకే తను గెలిస్తే కొత్త ఓవెన్ ఇస్తానని మరిది చేత ఒట్టు వేయించుకుంది.

గడువు ఇరవై నాలుగున మధ్యాహ్నం చర్చి గంట కొట్టేదాకా. ఇంకా అరగంట ఉంది.

"మా మరిది పంపాడు కదూ?"

"మీ మరిదెవరో నాకు తెలీదమ్మా."

"అబ్బో, ఎంత అమాయకత్వం! ఆ బల్లమీద పెట్టండి."

"కుదరదు. చేతికే ఇవ్వాలి. నా పద్ధతి అది."

"తీసుకోకపోవడం నా పద్ధతి!"

ఆయనా నవ్వేశాడు. కాఫీ తాగుతూ కబుర్లలోకి దిగాడు.

"క్రిస్మస్ తాత బండి లాగే దుప్పులున్నాయే, మగవాటికి ఈపాటికే కొమ్ములు రాలిపోతాయి. బొమ్మల్లో కొమ్ములున్నవి ఆడవేనన్నమాట."

"మరి? బరువులు లాగేది ఆడవాళ్లు కాక ఇంకెవరు?"

"ఆ ఎర్ర క్రిస్మస్ పువ్వు చూడండి. ఎర్రగా ఉన్నవి రేకులు కావు, ఆకులు! దగ్గర్నుంచి చూపిస్తాను, ఈ పెట్టె కాస్త పట్టుకోండి."

"ఆశ!"

బయట బస్సు హారన్ మోగింది. ముసలాయన ముఖం చిన్నబోయింది.

"చివరిసారి అడుగుతున్నానమ్మా. తీసుకోరా?"

"చస్తే తీసుకోను!"

"మీ జున్ను రొట్టె మాత్రం అద్భుతం" అని పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కేశాడు.

కాసేపటికి గంట మోగింది. ఫిదెలీనా ఎగిరి గంతేసింది. అర్హెమీరో నవ్వుతూ లోపలికొచ్చాడు.

"గెలిచావు వదినా!"

"నీ టోపీ ముసలాయన పప్పులు నా దగ్గర ఉడకలేదోయ్! పెట్టె ఇస్తాడట పెట్టె!"

"నేనెవర్నీ పంపలేదే! ఈసారి నువ్వే గెలవాలని ఊరుకున్నాను. కొట్టు మూతబడితే చూస్తూ ఉంటానా?"

"మరి ఓవెన్?"

"కొనే తాహతు నాకెక్కడిది? పిండిమిల్లు యజమానికి నా పేరు రాయకుండా నీ గురించి ఉత్తరం రాశాను."

"ఎవరాయన?"

"మహానుభావుడు! ఏటా క్రిస్మస్‌కి ఒక్క కొట్టుకు కొత్త ఓవెన్ ఇస్తాడు. చెప్పాపెట్టకుండా టోపీ పెట్టుకుని వచ్చి, ఏవో వింతలు చెప్పి నవ్విస్తూ, గుర్తుగా ఓవెన్ తలుపు పిడి ఉన్న పెట్టె యజమానురాలి చేతిలోనే పెడతాడట... వదినా, అలా కూలబడ్డావేంటి?"