పోలమ్మ వాటా

రేషన్ డిపోలో వేలిముద్రలు పోయి మాటలొచ్చాయి. నిన్నటి ఫుట్‌బాల్ ఆట మీదో, కొత్త సినిమా మీదో, మంత్రి మీదో ఎవరి అభిప్రాయం వాళ్లు చెబితేనే వాళ్ల వాటా బియ్యం పడతాయి. ఊఁ అంటే మిషన్ ఒప్పుకోదు. ఏదీ చూడని దాలయ్యకు దారి పొడుగునా మాటలు నేర్పేది భార్య పోలమ్మే. పక్షవాతం ఇప్పుడు ఆమె నోరే కట్టేసింది.

"నిన్న గోల్ ఎందుకు పడింది?" అడిగింది మిషన్.

దాలయ్య అలవాటుగా పోలమ్మ కోసం పక్కకు చూశాడు. వెనక లైను విసుక్కుంది.

"ఆ గోలు కాడున్నోడు ఒక్కడే గదా. ఆడికి ఎవులూ సాయం రానేదు."

అతని వాటా పడింది. ఆమెది పడలేదు.

"ఆవిడ నోటితోనే సెప్పాలి తాతా," అన్నాడు డీలరు. "ఈ నెల కూడా సెప్పకపోతే పేరెగిరిపోద్ది."

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె మాటలకు ఊఁ కొట్టడమే తప్ప మరోటి ఎరగనివాడు, గోలు గురించి, మంత్రి గురించి, పొద్దుగూకేదాకా తనే చెప్పాడు.

"ఒక్క మాట అనవే పోలీ. నన్నయినా తిట్టు."

పోలమ్మ అతని మొహంలోకి చూసింది. పెదవులు వణికాయి.

"ఊఁ," అంది.