ఇంట్లో చేసిన మందు

“ఇంట్లో ఆ మందైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకో” అంది స్పందన.

తేజేశ్వర్ బూట్ల లేసులు కట్టుకుంటూ నవ్వాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ నవ్వు గెలవని పోట్లాట ఒక్కటీ లేదు. బయట అతని స్నేహితుడు రాజ్ హారన్ కొట్టాడు. ఇద్దరూ క్లబ్బుకి వెళ్ళిపోయారు.

శనివారం వచ్చిందంటే అమెరికాలో, ఈ అల్ఫారెట్టా ఊళ్ళో మొగుళ్ళందరూ లాన్ కోసుకుంటారు. ఈయనగారికి మాత్రం క్లబ్బు. వెళ్ళడం వరకూ స్పందనకి అభ్యంతరం లేదు. వారమంతా ఆఫీసులో గొడ్డుచాకిరీ చేస్తాడు, ఏదో ఒక సరదా ఉండాలి. మొదట్లో షాపులో కొన్న మందుతోనే సరిపెట్టుకునేవాడు. తర్వాత క్లబ్బులో ఒక ముసలాయన “అసలు మజా ఇంట్లో చేసుకున్నదాన్లోనే ఉంది” అని చెవిలో ఊదాడు. అంతే, గరాజ్‌లోంచి కారు బయటికొచ్చింది, సరంజామా లోపలికి చేరింది.

ఇప్పుడు క్లబ్బులో వాళ్ళ పని ఇదీ. కొన్నది, ఇంట్లో చేసింది పక్కపక్కన పెట్టుకుంటారు. రెండూ సమంగా కొలిచి పోస్తారు. ఒక షాట్ ఇది, ఒక షాట్ అది. దేని కిక్ ఎంతో తేల్చుకుంటారు. మొన్న రాజ్ ఆ కిక్‌కి తట్టుకోలేక వెల్లకిలా పడ్డాడట. అదేదో ఘనకార్యమైనట్టు ఇద్దరూ వారమంతా చెప్పుకున్నారు.

ఇంటికొచ్చాకా ఫోన్లో అదే గోల.

“షాపుది ఎప్పుడూ ఒకేలా ఉంటోంది బ్రో. మనదాంట్లో కన్సిస్టెన్సీ లేదు. ఒకసారి తుస్సు, ఒకసారి అదుర్స్. నెక్స్ట్ బ్యాచ్ చూడు నువ్వు.”

ఆ పూట దగ్గరికొస్తే కుళ్ళిన గుడ్ల కంపు. కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఏదడిగినా మొదటిసారి వినపడదు, “ఆఁ?” అంటాడు. చొక్కా విడిగా ఉతకాలి.

“పాప తిరిగే ఇల్లు, తేజూ. కొంపలంటుకున్నాక ఏడిస్తే లాభం లేదు” అని బతిమాలింది.

“పాపకి అందకుండా పై షెల్ఫ్‌లో పెడుతున్నా కదా. ఎందుకంత ప్యానిక్ అవుతావ్?”

ఇంక ఎవరికి చెప్పుకుంటుంది? తోటివాళ్ళకి చెబితే సోమవారానికల్లా వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఎక్కుతుంది. పక్క వీధిలో సుబ్బులు ఆంటీ ఉంది. ఎవరింట్లో కష్టమొచ్చినా ఆవిడే దిక్కు. మంచి మనిషి. ఒకటే లోపం, ఎవరు చెప్పేదీ చివరిదాకా వినదు.

“మందు ఇంట్లోనే చేస్తున్నాడు ఆంటీ” అన్న మొదటి మాటకే ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది.

“అయ్యో తల్లీ! మా బ్రహ్మయ్య అంకుల్‌తో నేను పడ్డది నీకేం తెలుసు? నయానా భయానా చెప్పి చూశా, చెవికెక్కలా. చివరికి దేవుడి ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి ఒట్టెయ్యమన్నా. వేశాడు. మళ్ళీ ముట్టుకుంటే అడుగు.”

స్పందన ఏదో చెప్పబోయి ఊరుకుంది. వ్యసనం ఏదైతేనేం, ఒట్టు ఒట్టే కదా అనిపించింది. తేజేశ్వర్ ఎవరి మాటకైనా నవ్వుతాడు గానీ దేవుడి దగ్గర నవ్వడు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది ఆమెకి.

“సరే ఆంటీ. శనివారం తేజు వచ్చే వేళకి మా దేవుడి గూటి ముందే చేయిద్దాం.”

ఇవాళ ఆ శనివారమే. తేజేశ్వర్ వెళ్ళిన కాసేపటికి ఆంటీ పళ్ళెం, కర్పూరం పట్టుకుని దిగింది. పాప సాన్వి మేడ మీద నిద్రపోతోంది. కొబ్బరికాయ లేకుండా ఒట్టేమిటంటూ ఆంటీ స్పందనని ఇండియన్ స్టోర్‌కి తరిమింది.

తిరిగొచ్చేటప్పుడు హైవే మీద కార్లన్నీ ఆగిపోయాయి. ముందెక్కడో యాక్సిడెంట్. కొబ్బరికాయ పక్క సీటులో దొర్లుతోంది. అప్పుడు మోగింది ఫోను.

“అంతా రెడీ చేశా తల్లీ” అంది ఆంటీ.

“పాప లేచిందా?”

“లేదమ్మా, హాయిగా పడుకుంది. అందుకే మీ దేవుడి గూటి దగ్గర పెట్టలా. దాని నెత్తి మీదే స్మోక్ అలారం ఉంది. కర్పూరం పొగకి అది కుయ్యోమంటే పిల్ల దడుచుకోదూ? మేం హారతులన్నీ గరాజ్‌లోనే ఇస్తాం. ఇక్కడే పీటేసి పటం పెట్టా. షెల్ఫ్ మీద మందు డబ్బా కూడా దింపి పటం ముందే పెట్టా. దాని ఎదురుగానే ఒట్టెయ్యాలి వాడు.”

స్పందన సీట్లో నిటారుగా లేచి కూర్చుంది.

“ఆంటీ, గరాజ్‌లో వద్దు. ముందు మీరు పాపని తీసుకుని బయటికి...”

“నువ్వు భయపడకే! మొగుళ్ళకి భయపడే రోజులు ఎప్పుడో పోయాయి.”

“అది కాదు ఆంటీ, ఒక్క నిమిషం వినండి...”

“అన్నట్టు మూత తీసి చూశా. ఇదేంటే, నల్లగా పొడిలా ఉంది? నీళ్ళలో కలుపుకుని తాగుతాడా? ఉండుండు, వాడొచ్చేలోపు దీపం వెలిగించేస్తా. ఫోను కింద పెడుతున్నా.”

ముందు కారు కదలలేదు. స్పందన హారన్ మీద బలమంతా పెట్టి నొక్కింది. ఎవరూ కదలలేదు.

“ఆంటీ! అది తాగే మందు కాదు, తుపాకీలో దట్టించే మందు!” అని ఆమె గొంతు చించుకుని అరిచేసరికి, అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.