చేయి పరీక్ష

ఆకివీడు అవతల, కంచె వేసిన చెరువుల్లో పనిచేసేవాళ్లంతా పొద్దున్నే రొయ్యల మందు తాగాలి. మేతలో కలిపే ప్రోబయాటిక్ మనిషి కడుపులోనూ ఉంటేనే రొయ్యకు జబ్బు రాదని కంపెనీ తేల్చి పదేళ్లయింది. ఆ సూక్ష్మజీవులు ఒంట్లో ఉన్నంతకాలం ఎవరూ కంచె దాటకూడదు. దాటాలంటే ఒకటే పరీక్ష. చెరువులో చేయి పెట్టాలి. చెమటలో మేత వాసన ఉంటే రొయ్యలు మూగుతాయి. మూగకపోతే గేటు తీస్తారు.

నూకరత్నం నలభై రోజులుగా మందు పుక్కిట పట్టి, గట్టు చాటుకెళ్లి ఉమ్మేస్తోంది. ఆమెకిప్పుడు ఆరో నెల. పుట్టే బిడ్డకైనా ఈ కంచె వద్దని ఆమె పంతం.

"పుట్టింటి పులుసు మీదకి మనసు పోయిందేంటి రత్నం? దిగు," అన్నాడు సూపర్‌వైజర్ సూరిబాబు.

"మీకూ ఓ గిన్నెడు పంపుతాన్లెండి," అంటూ ఆమె నడుం లోతు నీళ్లలోకి దిగి చేయి ముంచింది.

రొయ్యలు వచ్చాయి. మీసాలతో వేళ్లు తడిమి, పక్కకు తప్పుకున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

"చూశారాండీ! గేటు తియ్యమనండి!"

సూరిబాబు తాళాలు తీయబోయి, నీళ్లకేసి చూసి ఆగిపోయాడు.

"కదలకమ్మా."

రత్నం తల వంచింది. చేతిని వదిలేసిన రొయ్యలన్నీ ఆమె పొట్ట చుట్టూ ముసిరి, చీర మీద మీసాలు ఆడిస్తున్నాయి.

"నీ ఒక్కదానికైతే తీసేవాణ్నమ్మా," అన్నాడు సూరిబాబు.