డి డ్రైవ్ సార్

"దీన్ని రాసినోనికి లోకంల వేరే కంప్యూటర్లు గూడ ఉంటయని తెల్వదా సార్?"

రాసినవాడు పక్క కుర్చీలోనే ఉన్నాడని తెలిసే అడిగాడు శివకృష్ణ.

ప్రేమ్‌సాగర్ పల్లీలు ఒలుచుకుంటున్నాడు. నకిరేకల్ గొర్రెల పెంపకందార్ల సంఘంలో కంప్యూటర్ కుర్చీ ఆయనది. నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ మీద ఆశతోనే శివకృష్ణ తాత్కాలికంగా చేరాడు. కొలువు ఖాయమైతేనే పిల్లనిస్తామన్నారు మల్లీశ్వరి ఇంటివాళ్లు.

ఏ గొర్రెకు ఏ టీకా పడిందో ఫైళ్లలో దాచే ప్రోగ్రాం అది. ప్రతి ఫైలునూ డి డ్రైవ్‌లోనే వెతుకుతుంది. హాలియా, పానగల్ శాఖల్లో ఉన్నవి ఇక్కడిలా విండోస్‌వి కావు, లినక్స్ కంప్యూటర్లు. వాటికి డి డ్రైవే లేదు. అక్కడ ప్రోగ్రాం తెరిస్తే చాలు, చతికిలబడుతుంది. అందుకే శాఖలవాళ్లు టీకా వివరాలు ఫోన్‌లో చెబితే ఇక్కడ ప్రేమ్‌సాగర్ ఎక్కిస్తాడు.

"మీ ఇంట్ల పెట్టిన తాళంచెవి మా ఇంటికొచ్చి దేవులాడినట్టుంది సార్!"

"ఉండనియ్ తమ్మీ. నడుస్తాంది గదా."

ఆ మాటలో శివకృష్ణకు అసూయ వినిపించింది. వినిపించినందుకు హాయిగానూ అనిపించింది. ఎవడో ఒకడు కింద కనబడితే తప్ప, తాను ఎత్తులో ఉన్నానని అతనికి నమ్మకం కుదరదు. టీ కొట్టు దగ్గర ఆయనకు 'డి డ్రైవ్ సార్' అని పేరు కూడా పెట్టాడు.

డ్రైవ్ పేర్లన్నీ పీకేశాడు. ఫైళ్ల దారి ఏదో ప్రోగ్రామే ఆ కంప్యూటర్‌ను అడిగి తెలుసుకునేలా తిరగరాశాడు. విండోస్‌లో నడిచింది. లినక్స్‌లోనూ నడిచింది.

నెలాఖరున కార్యదర్శి నాగరాణికి చూపించాడు. హాలియా నుంచి ఫోన్: "మాకాడ గూడ తెరుసుకుంది మేడం!"

"అంటే ఇగ ఎవరి శాఖల వాళ్లే ఎక్కించుకోవచ్చా?"

"ఎవరైనా, ఏడనైనా మేడం," అన్నాడు శివకృష్ణ, ప్రేమ్‌సాగర్ వైపు ఓరగా చూస్తూ.

"మంచిగైంది. సార్ పోయినంక గా కుర్చీల ఇంకొకర్ని పెట్టే పనే లేదు."

ఆమె ప్రేమ్‌సాగర్‌కు శాలువా కప్పింది. శివకృష్ణ చేతిలో లడ్డూ పెట్టింది.

శివకృష్ణ బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. లడ్డూ చేతిలోనే ఉంది. ప్రేమ్‌సాగర్ శాలువా మడతపెట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొదలు నేను గూడ అన్ని కంప్యూటర్లల్ల నడిచేటట్టే రాసిన తమ్మీ, కుర్చీ ఖాయం కావాల్నని మల్ల కూసొని నా ఒక్కదాంట్లనే నడిచేటట్టు చెడగొట్టిన."