ఆగిన చోటు

“గెలిచాం!”

మెయిల్ చదువుతూనే కొత్త పెళ్లికూతురు కుర్చీలోంచి లేచి గంతేసింది. కాలికి వైరు తగిలి ఆమె కంప్యూటర్ కాస్తా ఆరిపోయింది. అయినా నవ్వు ఆగలేదు.

పెళ్లయి నాలుగు నెలలైనా ఆఫీసులో ఆమెకి ఆ పేరే ఖాయమైపోయింది.

ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకునే ఎడిటర్‌ని తయారుచేసే చిన్న ఆఫీసు అది. మొత్తం ఆరుగురు. ఎడిటర్‌లో ఇంకా ఏమేం కావాలో వాడేవాళ్లు మెయిళ్లు రాస్తారు. వాటికి జవాబులివ్వడం ఆమె పని.

ఈ ఏడాది ప్రోగ్రామర్లంతా ఓట్లేసి మెచ్చిన ఫీచర్ వాళ్లదే. పేరు ‘ఆగిన చోటు’. పొద్దున ఎడిటర్ తెరవగానే, నిన్న ఏ లైను దగ్గర పని ఆపారో అక్కడికే తీసుకెళ్తుంది. అక్కడ ఏం చేస్తున్నారో ఒక్క ముక్కలో గుర్తుచేస్తుంది.

వెంటనే మొగుడికి మెసేజ్ పెట్టింది.

“శభాష్ పిడుగూ!” అని జవాబొచ్చింది.

వెనక నిలబడ్డ టీమ్ లీడర్ అది చదివేశాడు. “పిడుగా? పాపం, ఆయనకి అప్పుడే తెలిసిపోయిందన్నమాట.”

“పోండి సార్!” బుగ్గలు కందిపోయాయి. “రేపే బహుమతి ఇస్తారట. ఈ ఆలోచన ఎవరిదో వాళ్లని వేదిక మీదకి తీసుకురమ్మన్నారు. ఎవరిదో గుర్తుందా?”

“ఎవరిది?”

“కోరికల తాతయ్యది.”

లీడర్ మొహంలో నవ్వు పోయింది.

ఆ పేరు పెట్టింది అతనే. ఆ పెద్దాయన వారానికి రెండు మెయిళ్లు రాసేవాడు. ‘ఈ లైను నేనెందుకు రాశానో ఎడిటరే నాకు చెప్పాలి.’ ‘ఈ ఫైలు పొద్దున ఒకసారి చూశావని గుర్తుచేయాలి.’

“ఈయనకి కావాల్సింది ఎడిటర్ కాదమ్మా, ఇంకో పెళ్లాం!” అనేవాడు లీడర్. అందరూ పడీ పడీ నవ్వేవారు. ఆమె కూడా.

‘ఆగిన చోటు’ ఒక్కటి మాత్రం ఆమెకి ముచ్చటగా తోచింది. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని తయారుచేసింది. తీరా అది వచ్చేశాక కూడా ఆయన అదే కోరిక మళ్లీ రాశాడు. మళ్లీ రాశాడు. ఏడుసార్లు.

“ఇచ్చింది కూడా చూసుకోడేమిటమ్మా? అసలీయన జన్మలో ఒక్క ప్రోగ్రామైనా రాశాడా?” అని అప్పట్లో లీడర్ విసుక్కున్నాడు. “మన అన్‌డూ చూడు. ఎంత తప్పు చేసినా ఇట్టే వెనక్కి తీసుకుంటుంది. ముప్పై ఏళ్ల కిందట ఎవరో మహానుభావుడు రాసి, కింద ‘పిచ్చుక’ అని సంతకం పెట్టి, ఊరికే అందరికీ వదిలేశాడు. అది లేకపోతే మన ఎడిటరే లేదు. ప్రోగ్రామరంటే అలా ఉండాలి. ఈ తాతయ్యని బ్లాక్ చేసెయ్.”

చేసేసింది. పెళ్లికి సెలవు పెట్టి వెళ్తున్న రోజు అది. హడావిడిలో ఉంది.

బహుమతి కబురొచ్చిన సాయంత్రమే ఆమె, లీడర్ పూలగుత్తి పట్టుకుని, పాత మెయిళ్లలో ఉన్న చిరునామాతో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. మూడో అంతస్తు. తలుపు తీసిన పెద్దావిడ, వాళ్లు వచ్చిన పని విని పక్కకి తప్పుకుంది.

“లోపలికి రండి. కాస్త మెల్లగా మాట్లాడండి. కొత్తవాళ్లని చూస్తే కంగారుపడతారు.”

కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు పెద్దాయన. ఇస్త్రీ చొక్కాకి ఒక బొత్తాం తప్పి ఇంకో కాజాలో ఉంది. తెర చుట్టూ చీటీలు అంటించి ఉన్నాయి. ‘కళ్లజోడు నెత్తి మీద ఉంటుంది, చూసుకో’ అని ఉంది ఒకదాని మీద.

“మీరేనా ఎడిటర్ చేసేది!” ఆయన కళ్లు మెరిశాయి. “అయితే నాదొక చిన్న కోరిక. తెరవగానే నిన్న ఎక్కడ ఆగానో అక్కడికి తీసుకెళ్లాలి. కుదురుతుందా?”

ఆయన ముందున్న తెర మీద ‘ఆగిన చోటు’ వెలుగుతూనే ఉంది.

లీడర్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. “కుదురుతుంది సార్. తప్పకుండా చేస్తాం.”

“ఎంత మంచివాళ్లో!” పెద్దాయన భార్య వైపు తిరిగాడు. “ఏమండీ, మీకు శ్రమ కాకపోతే వీళ్లకి కాస్త టీ ఇస్తారా?”

“అలాగేనండీ,” అని ఆవిడ వంటగదిలోకి నడిచింది.

కొత్త పెళ్లికూతురు వెనకే వెళ్లింది. “ఎన్నాళ్లనుంచమ్మా ఇలా?”

“రెండేళ్లు దాటింది. మీ జవాబులు వచ్చినన్నాళ్లూ హుషారుగా ఉండేవారు తల్లీ. ‘మీ కోరిక అందింది, ధన్యవాదాలు’ అని రాసేవారు చూడు, అది నాకు చదివి వినిపించి మురిసిపోయేవారు. నాలుగు నెలలై ఏమీ రావట్లేదు. రోజూ మెయిల్ తెరిచి చూస్తారు. ఎందుకు చూస్తున్నారో మర్చిపోతారు. చూడ్డం మాత్రం మానరు.”

కొత్త పెళ్లికూతురు కప్పులు తీసి అందించబోతూ ఆగింది. “ఆపింది నేనేనమ్మా. నేనే బ్లాక్ చేశాను.”

పెద్దావిడ ఆ కప్పులు మెల్లగా అందుకుంది. “ఊరుకో. నీకు మాత్రం ఏం తెలుసు?”

హాల్లో లీడర్ పెన్ను తీసి పట్టుకుని ఉన్నాడు. “అమ్మా, రేపు సార్‌ని వేదిక మీదకి పిలుస్తాం. పేరు ఏమని రాసుకోమంటారు?”

పెద్దాయన కూడా ఆ జవాబు కోసమే అన్నట్టు ఆవిడ వైపు చూస్తున్నాడు.

ఆవిడ టీ కప్పు ఆయన చేతికిచ్చి, తప్పిన బొత్తాం సరిచేసింది.

“పొద్దున పదింటికల్లా తయారుచేసి ఉంచుతాను బాబూ. అసలు పేరుతో పిలిస్తే ఈమధ్య పలకడం లేదు గానీ, ‘పిచ్చుక’ అని పిలవండి, పలుకుతారు, పెళ్లయిన కొత్తలో ఆయన నాకు పెట్టిన ముద్దుపేరది, రాసిన ప్రతి ప్రోగ్రాం కిందా అదే సంతకం పెట్టుకునేవారు.”