ఎవరి గంప?

పెరట్లోని కోళ్లకు పెద్దను ఎన్నుకోవాలి. అంతకుముందు స్వేచ్ఛా జట్టు తన మూడు పుంజుల్లోంచి ఒక పుంజును తన తరఫున నిలబెట్టాలి. ఏ పుంజు నచ్చితే పెట్టలు ఆ పుంజు వెనక నిలబడాలి.

చుక్కలపెట్టకు ఉన్నది ఒకటే కోరిక. గడ్డివాము చాటున పెట్టిన తన గుడ్లను అక్కడే పొదుక్కోవాలి, తనను ఎవరూ గంప కింద మూయకూడదు.

"నేను గెలిస్తే పాత గంపలన్నీ తీయించేస్తా!" అన్నాడు డేగపుంజు.

పెట్ట ఆశగా రెక్కలు టపటపలాడించింది. "అయితే గడ్డివాములోనే పొదుక్కోవచ్చా, బావా?"

"అమ్మో, పిల్లి రాదూ? నీకోసం కొత్త గంప అల్లిస్తాగా!"

పెట్ట కాకిపుంజు దగ్గరికి నడిచింది.

"గంపంటే నాకూ అసహ్యమే. కాలికి తాడు చాలు. పొడుగెంతో నువ్వే చెప్పు," అన్నాడతను.

ఇక మిగిలింది నెమలిపుంజు. "తాడూ వద్దు, గంపా వద్దు. నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు. గుడ్లెక్కడ పెట్టాలో, ఎప్పుడు పొదగాలో మాత్రం మేం చెబుతాం. అది పెరటి పరువు కదమ్మా!"

పెట్ట ముగ్గురి మధ్యా అటూ ఇటూ తిరిగింది. "మీరంతా స్వేచ్ఛా జట్టేనా? నేనే పొరపాటున వేరే పెరట్లోకి వచ్చానా?"

పుంజులు మొదటిసారి ఒక్కమాట మీదికి వచ్చారు. "పాపం, తేల్చుకోలేకపోతోంది. తేల్చుకునేదాకా లోపల కూచోనీ," అంటూ దానిమీద గంప బోర్లించారు.

వెదురు సందుల్లోంచి గడ్డివాము కనిపిస్తోంది. అక్కడ గుడ్లు చల్లారిపోతున్నాయి.

"ఇంతకీ ఇది మీలో ఎవరి గంప?" అని అడిగింది పెట్ట.

"నాదంటే నాది" అని బయట ముగ్గురూ కొట్టుకోవడం మొదలుపెట్టారు.